ఫోన్ సిగ్నల్ ఎంత బాగుందో తెలుసుకోవడం ఎలా? ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండేవారిదీ, తాడ్వాయి అడవిలో ఉండేవారిదీ, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో ఉండేవారిదీ ఫిర్యాదు ఇంచుమించు ఒకటే: సిగ్నల్ సరిగ్గా లేదు. కారణాలు మాత్రం ఒక్కో చోట ఒక్కోటి. అసలు కారణం తెలుసుకోకుండా సిమ్ మార్చి, ఫోన్ మార్చి డబ్బు పోగొట్టుకునేవారిని చూస్తే బాధేస్తుంది. ఫోన్‌లోనే దొరికే మూడు అంకెలు (ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ; ఒక్కొక్కటీ కింద వివరిస్తాను) చదవడం వస్తే చాలా సందేహాలు ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

ఫోన్ పైన కనిపించే గీతలు దేన్ని చూపిస్తాయి?

ప్రధానంగా టవర్ నుంచి మీ ఫోన్‌కు అందుతున్న సిగ్నల్ బలాన్ని. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపించాలో అన్ని ఫోన్లకూ కలిపి ఒకే ప్రమాణం ఏదీ లేదు. ఆండ్రాయిడ్‌లో మొదటి నుంచి పెట్టి ఉన్న లెక్క ప్రకారం 4జీలో -98 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ), అంతకంటే మెరుగ్గా ఉంటే నాలుగు గీతలు వస్తాయి. -108 వరకు మూడు, -118 వరకు రెండు, -128 వరకు ఒకటి. ఈ హద్దులను ఫోన్ తయారీదారులు, నెట్‌వర్క్ కంపెనీలు మార్చుకోవచ్చు. నెట్‌వర్క్ పని చేసేవారి దృష్టిలో -98 అంటే ఓ మాదిరి సిగ్నల్ మాత్రమే. ఫోన్ దానికే నిండుగా గీతలు వేసి చూపిస్తుంది.

ఇది చవక ఫోన్ల సమస్య కూడా కాదు. 2010 జులైలో ఆపిల్ కంపెనీయే ఐఫోన్‌లో గీతల లెక్క తప్పుగా ఉందని, చాలా సందర్భాల్లో ఉండాల్సినదానికన్నా రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని ప్రకటించి సాఫ్ట్‌వేర్ మార్చింది.

మరి అసలు అంకెలు ఎక్కడ కనిపిస్తాయి?

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్‌కు వెళ్లండి. అక్కడ సిగ్నల్ స్ట్రెంత్ అని, పక్కన -97 డీబీఎం లాంటి అంకె ఉంటుంది. కొన్ని ఫోన్లలో డయల్ ప్యాడ్ మీద *#*#4636#*#* కొడితే మరిన్ని వివరాలు వస్తాయి. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది.

అన్నీ ఒకే చోట కావాలంటే నెట్‌మాన్‌స్టర్, సెల్‌మ్యాపర్ లాంటి ఉచిత యాప్‌లు చాలు. లొకేషన్ అనుమతి అడుగుతాయి, ఇవ్వాలి. అది లేకపోతే టవర్ వివరాలు చదవడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు.

అన్నీ మైనస్‌లోనే ఎందుకుంటాయి? -85 మంచిదా, -110 మంచిదా?

-85 మంచిది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం.

0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. ఫోన్‌కు చేరే సిగ్నల్ అంతకన్నా చాలా చాలా తక్కువ కాబట్టి లెక్క మైనస్‌లో నడుస్తుంది. -90 డీబీఎం అంటే మిల్లీవాట్‌ను వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత సన్నని సిగ్నల్‌ను పట్టుకుని ఫోన్ వీడియో నడిపిస్తోంది.

ఈ లెక్కలో గుర్తుంచుకోవాల్సినవి రెండే. 3 తగ్గితే బలం సగం అవుతుంది. 10 తగ్గితే పదో వంతు అవుతుంది. అంటే వాకిట్లో -80 ఉండి, లోపలి గదిలో -110 వస్తే, గదిలో అందేది వాకిట్లో అందినదాంట్లో వెయ్యో వంతు. ముప్పయ్యే కదా తేడా అనుకోకండి.

ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఎంత ఉంటే బాగున్నట్టు?

4జీ, 5జీ రెండింటిలోనూ సిగ్నల్ బలానికి చూసే అంకె ఆర్‌ఎస్‌ఆర్‌పీ. నెట్‌వర్క్ పనిలో ఉన్నవారు సాధారణంగా ఇలా చూస్తారు:

-80 కన్నా మెరుగైతే చాలా బాగుంది.
-80 నుంచి -90 బాగుంది.
-90 నుంచి -100 పర్వాలేదు.
-100 నుంచి -110 బలహీనం. కాల్ నడుస్తుంది కానీ లోపలికి నడిస్తే తెగొచ్చు.
-115 దాటితే దాని మీద ఆధారపడలేం.

ఇవి చట్టం పెట్టిన హద్దులు కావు. ఒక్కో పట్టికలో అయిదు అటూ ఇటూ ఉంటుంది. చుట్టూ పక్క టవర్ల సంకేతాల గోల లేని పల్లెలో -108 మీద కూడా నెట్ హాయిగా నడుస్తుంది. హనుమకొండ చౌరస్తాలో -85 మీద నత్తనడక నడిచే సందర్భాలుంటాయి. ఎందుకన్నది కింద చెప్తాను, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఒక యాప్ -70 అంటోంది, ఇంకోటి -100 అంటోంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే అయ్యుండొచ్చు. మొదటిది బహుశా ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, రెండోది ఆర్‌ఎస్‌ఆర్‌పీ. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ ఆ ఛానెల్ మొత్తంలో ఫోన్ చెవిన పడే శక్తినంతా కలిపి చెప్తుంది. మీ టవర్, పక్క టవర్, గోల, అన్నీ అందులోనే. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మీ టవర్ పంపే గుర్తు సంకేతాలను మాత్రమే తీసుకుని, 4జీలో అయితే 15 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్క సన్నని పాయలో సగటున ఎంత ఉందో చెప్తుంది. 20 మెగాహెర్ట్జ్ 4జీ ఛానెల్‌లో అలాంటి పాయలు 1200. అందుకే ఒకే చోట, ఒకే క్షణంలో రెండు అంకెల మధ్య ముప్పై దాకా తేడా రావచ్చు. ఇద్దరు స్నేహితులు తమ సిమ్‌లను పోల్చుకునేటప్పుడు ఒకరు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఇంకొకరు ఆర్‌ఎస్‌ఆర్‌పీ చెప్పుకుంటే ఆ పోలికకు అర్థం ఉండదు.

గీతలు ఫుల్‌గా ఉన్నాయి, నెట్ మాత్రం నడుస్తలేదు. ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. బలం వేరు, నాణ్యత వేరు. గీతలు బలాన్ని చూపిస్తాయి, మనకు కావలసింది నాణ్యత.

ఎనుమాముల మార్కెట్లో పత్తి వేలం జోరుగా సాగుతుండగా పక్కనున్న మనిషి మీతో ఏదో చెప్తున్నాడనుకోండి. అతని గొంతు ఎంత పెద్దదన్నది ఆర్‌ఎస్‌ఆర్‌పీ. చుట్టుపక్కల కేకలతో సహా మీ చెవిన పడే మొత్తం చప్పుడు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ. ఆ చప్పుడులోంచి అతని మాట ఎంత తేటగా అందుతోందన్నది ఎస్‌ఐఎన్‌ఆర్. గొంతు ఎంత పెద్దదైనా కేకలు దాన్ని మించితే మాట అర్థం కాదు.

ఎస్‌ఐఎన్‌ఆర్ 20 దాటితే చాలా బాగుంది. 13 నుంచి 20 వరకు బాగుంది. 0 నుంచి 13 వరకు నడుస్తుంది. సున్నా కిందికి దిగిందంటే గోల మాటను మింగేస్తోందని అర్థం. ఇది నేరుగా వేగాన్ని నిర్ణయిస్తుంది. సిగ్నల్ ఎంత తేటగా అందుతోందో ఫోన్ కొన్ని మిల్లీసెకన్లకోసారి 0 నుంచి 15 దాకా మార్కు వేసి టవర్‌కు పంపుతుంది. మార్కు బాగుంటే టవర్ ఒక్కో సంకేతంలో 6 నుంచి 8 బిట్లు ఎక్కిస్తుంది. తక్కువైతే 2 బిట్లే పెట్టి, అది కూడా తప్పులు దిద్దుకునే అదనపు సమాచారంతో నింపి పంపుతుంది. మీరు ఉన్న చోటు మారకుండానే వేగం నాలుగో వంతుకో అంతకన్నా కిందికో పడిపోయేది ఇలాగే.

ఈ గోల ఎక్కడిది? ఎక్కువగా అదే ఫ్రీక్వెన్సీ వాడే పక్క టవర్లది. నగరంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అయిదో అంతస్తు బాల్కనీలో నిలబడితే మీ ఫోన్‌కు ఒకేసారి చాలా టవర్లు కనిపిస్తాయి. ఏదీ మిగతావాటికన్నా గట్టిగా ఉండదు. గీతలు నిండుగానే ఉంటాయి, ఎస్‌ఐఎన్‌ఆర్ మాత్రం 2, 3 దగ్గర కొట్టుకుంటుంది. అలాంటప్పుడు బాల్కనీ నుంచి ఒక గోడ లోపలికి వస్తే నెట్ మెరుగవుతుంది కూడా, ఎందుకంటే ఆ గోడ పక్క టవర్లను అడ్డుకుంటుంది. వింతగా ఉన్నా ప్రయత్నించి చూడండి.

ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ రెండూ బాగున్నా నెమ్మదిగానే ఉంటే?

అప్పుడు రద్దీ కారణం. ఒక టవర్ సెక్టార్ (టవర్ ఒక్కో వైపు చూసే భాగం) కింద ఉన్న ఫోన్లన్నీ అదే స్పెక్ట్రమ్‌ను, అంటే కంపెనీకి ఉన్న తరంగాల వాటానే పంచుకుంటాయి. మేడారం జాతర రోజులు గుర్తు తెచ్చుకోండి. గద్దెల దగ్గర లక్షల మంది ఒకేసారి ఫోన్లు తీస్తారు. వాహనాల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతారు కాబట్టి సిగ్నల్ బలానికి లోటుండదు, అయినా ఫొటో ఒకటి పంపాలంటే నిమిషాలు పడుతుంది. అక్కడ తగ్గింది బలం కాదు, మీ వంతుకు వచ్చే వాటా. తప్పిపోయిన పిల్లల కోసం, పెద్దవాళ్ల కోసం వెతికేవారికి ఆ నాలుగు రోజులూ ఫోన్ ఎంత అవసరమో తెలుసు కదా. అక్కడ ఉన్నప్పుడు వీడియోలు ఎక్కించడం కాస్త ఆపుకుంటే పక్కవారి కాల్ కలుస్తుంది. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని, ఎస్ఎంఎస్ మీద ఆధారపడటం మేలు. దానికి చాలా కొద్ది వాటా చాలు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. టవర్‌కు వెనక వైపు వచ్చే ఫైబర్ గానీ మైక్రోవేవ్ లింకు గానీ సరిపోకపోతే రేడియో అంకెలన్నీ బాగున్నా నెట్ రాదు. అది ఫోన్‌లో కనిపించదు.

రద్దీని ఫోన్‌లోనే పసిగట్టొచ్చా?

కొంతవరకు. ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ అనే అంకె అందుకు పనికొస్తుంది. మీ టవర్ గుర్తు సంకేతానికీ, ఛానెల్‌లోని మొత్తం శక్తికీ ఉన్న నిష్పత్తి అది. -10 కన్నా మెరుగైతే బాగుంది, -15 దాటితే ఇబ్బంది, -20 దగ్గరైతే కష్టం.

పక్క టవర్ల గోల ఏమీ లేని చోట కూడా, 4జీ టవర్ ఖాళీగా ఉన్నప్పుడు ఇది -3 దగ్గర ఉంటుంది, టవర్ నిండా పనిలో ఉంటే దాదాపు -11 కి దిగుతుంది. కాబట్టి ఒకే చోట కూర్చుని తెల్లవారుజామున ఒకసారి, రాత్రి భోజనాల వేళ ఒకసారి చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మారకుండా ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ ఒక్కటే బాగా పడిపోతే మీ ఇంటి గోడలను, ఫోన్‌ను అనుమానించనక్కర్లేదు. ఆ టవర్ మీద జనం ఎక్కువయ్యారు.

ఒకే కంపెనీ సిమ్, ఒకే గది. నా ఫోన్‌లో -95, మా తమ్ముడి ఫోన్‌లో -104. ఏది తప్పు?

ఏదీ తప్పు కాకపోవచ్చు. యాంటెన్నాలు వేరు, ఫోన్ పట్టుకున్న చెయ్యి అడ్డం, రెండూ వేర్వేరు బ్యాండ్ల మీద ఉండొచ్చు. పైగా గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి ఒక చోట బలపడి, పక్కనే బలహీనపడతాయి. 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 17 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఫోన్‌ను బెత్తెడు జరిపితేనే అంకె మారుతుంది. అందుకే ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి. టేబుల్ మీద పెట్టి రెండు మూడు నిమిషాలు గమనించి, ఎక్కువసేపు నిలిచిన అంకెను తీసుకోండి.

బ్యాండ్ అంటే ఏమిటి? అది మారితే ఏమవుతుంది?

టవర్, ఫోన్ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీల వరుసే బ్యాండ్. మన దగ్గర 4జీ, 5జీ 700, 850, 900, 1800, 2100, 2300, 2500, 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతాల్లో నడుస్తున్నాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలను బాగా దాటుతుంది. 700కూ 3500కూ మధ్య, అడ్డంకులు లేని మైదానంలోనే 14 డీబీ తేడా వస్తుంది. కానీ కింది బ్యాండ్లలో కంపెనీల చేతిలో ఉండే స్పెక్ట్రమ్ తక్కువ. కాబట్టి 850 మీద -85 ఉండి నెమ్మదిగా, 2300 మీద -102 ఉండి వేగంగా నడవడం మామూలే. ఆర్‌ఎస్‌ఆర్‌పీని పోల్చేటప్పుడు రెండూ ఒకే బ్యాండా అని తప్పకుండా చూడండి.

పైన 5జీ అని ఉంటే 5జీలో ఉన్నట్టేనా?

అన్నిసార్లూ కాదు. దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. దాంట్లో ఒక రకం 4జీని ఆసరాగా పెట్టుకుని నడుస్తుంది. ఆ రకంలో దగ్గర్లో 5జీ ఉందని టవర్ చెప్పగానే గుర్తు కనిపిస్తుంది, డేటా మాత్రం 4జీ మీదే వస్తూ ఉండొచ్చు. యాప్‌లో ఎస్ఎస్-ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె కనిపిస్తేనే ఫోన్ 5జీని నిజంగా కొలుస్తున్నట్టు. 5జీ అంచున ఉండి గుర్తు వస్తూ పోతూ ఉంటే 4జీకి మార్చుకోండి, బ్యాటరీ కూడా నిలుస్తుంది.

తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఎండాకాలంలో అందిన టవర్ వానాకాలంలో అందదు. నిజమేనా?

నిజం కావచ్చు. ఆ అడవుల్లో టేకు ఎక్కువ. ఎండాకాలానికి ఆకు రాలుతుంది, వానలకు పెద్ద పెద్ద ఆకులతో నిండుతుంది. ఆకుల్లోని నీరు తరంగాలను మింగుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలను మరీ ఎక్కువగా. -108 దగ్గర అంచున బతికే ఊరికి ఇంకో 8, 10 పోయిందంటే ఫోన్ మూగబోయినట్టే.

వాన పడితే సిగ్నల్ పోయేది అందుకేనా?

వాన చినుకులు ఫోన్ తరంగాలను అడ్డుకునేది చాలా తక్కువ. పోయేది వేరే దారిలో: కరెంటు పోతుంది, టవర్ బ్యాటరీ అయిపోతుంది, ఫైబర్ తెగుతుంది, టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకు కుండపోతలో బలహీనపడుతుంది. 2023 జులై చివరలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతటి వానలో జనరేటర్‌కు డీజిల్ చేర్చడానికే దారి ఉండదు. భారీ వానల హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్‌తో పాటు పవర్ బ్యాంకు నింపుకోండి, ఇంట్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండేలా చూసుకోండి.

‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వస్తే?

ఎక్కువసార్లు దాని అర్థం, మీ కంపెనీ టవర్ అందడం లేదు, కానీ వేరే కంపెనీది అందుతోంది. అలాంటప్పుడు 112 కి చేసిన కాల్‌ను ఫోన్ ఆ టవర్ మీదుగా పంపగలదు. మామూలు నంబర్లకు పోదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పి ఉంచండి.

కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున ఫోన్ మహారాష్ట్ర నెట్‌వర్క్ చూపిస్తుంది. తప్పా?

కాదు. ఆవలి ఒడ్డున సిరోంచ మహారాష్ట్ర. నది మీద చెట్టూ గోడా ఉండవు కాబట్టి అవతలి సిగ్నల్ ఇవతలికి తేలిగ్గా వస్తుంది, ఫోన్ గట్టిగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది.

ఇంట్లోనే రావడం లేదు. బూస్టర్ కొనొచ్చా?

దయచేసి వద్దు. అనుమతి లేకుండా సిగ్నల్ బూస్టర్ పెట్టడం మన దేశంలో చట్ట విరుద్ధం. దానికి కారణం కూడా ఉంది. బూస్టర్ మీ ఫోన్ మాటతో పాటు గోలను కూడా పెంచి టవర్ వైపు పంపుతుంది. ఆ టవర్ కింద ఉన్న కాలనీ అంతటికీ కాల్స్ తెగుతాయి.

బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఆర్‌సీసీ స్లాబు, రేకులు, అద్దాల మీద వేసే మెటల్ పూత సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి, వీటన్నిటినీ వైఫై కాలింగ్ దాటవేస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ రాని తోటల్లో, పొలాల దగ్గరి ఇళ్లలో అయితే సిమ్ వేసే 4జీ రౌటర్ తీసుకుని, దాని బయటి యాంటెన్నాను ఎత్తులో పెట్టి టవర్ వైపు తిప్పండి. తిప్పేటప్పుడు ఆర్‌ఎస్‌ఆర్‌పీని కాదు, ఎస్‌ఐఎన్‌ఆర్‌ను చూస్తూ తిప్పాలి.

సిగ్నల్ తక్కువగా ఉన్న చోట బ్యాటరీ తొందరగా ఎందుకు అయిపోతుంది? టవర్ దగ్గరగా ఉంటే ప్రమాదం కదా?

రెండింటికీ జవాబు ఒక చోటే ఉంది. టవర్ దూరమైతే ఫోన్ గట్టిగా అరవాలి. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా పంపుతుంది, టవర్ దగ్గరుంటే అందులో చాలా కొద్ది భాగంతోనే పని జరిగిపోతుంది. చెవికి ఆనించి పట్టుకునేది ఫోన్‌నే కాబట్టి, సిగ్నల్ బాగున్న చోట మీ తలకు అందే రేడియో శక్తి తగ్గుతుంది. టవర్ల రేడియేషన్‌కు మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే హద్దుగా పెట్టింది. మీ వీధిలోని టవర్ ఆ హద్దు పాటిస్తోందో లేదో కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూడొచ్చు. భయంతో టవర్‌ను ఊరవతలికి పంపిస్తే ఊళ్లో ప్రతి ఫోనూ గట్టిగా అరవాల్సి వస్తుంది.

వేరే కంపెనీకి మారే ముందు ఏం చూడాలి?

ఆ కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్నో స్నేహితుడినో ఇంటికి పిలిచి, మీరు ఫోన్ ఎక్కువగా వాడే గదిలో, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య, మూడు అంకెలూ రాసుకోండి. పగలు వాకిట్లో చేసిన స్పీడ్ టెస్ట్ చూసి మారొద్దు. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెడతాయి, అవీ చూడండి, కానీ అవి మీ గోడల లోపలి సంగతి చెప్పవు. మారాలనుకుంటే పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900 కి ఎస్ఎంఎస్ పంపితే కోడ్ వస్తుంది.

ఫిర్యాదు చేస్తే ఎవరైనా పట్టించుకుంటారా?

‘మా దగ్గర సిగ్నల్ లేదు’ అంటే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు. అంకెలతో చెప్తే సంగతి ఇంజినీర్ దాకా వెళ్లే అవకాశం పెరుగుతుంది. ఊరు, వీధి, సమయం, బ్యాండ్, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ, ఎస్‌ఐఎన్‌ఆర్, సెల్ ఐడీ (మీ ఫోన్ పట్టుకున్న టవర్ భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య, యాప్‌లో కనిపిస్తుంది) రాసివ్వండి. 4జీ సెల్ ఐడీని 256తో భాగిస్తే వచ్చే పూర్ణ సంఖ్య టవర్ నంబరు, మిగిలిన శేషం ఆ టవర్‌లోని సెల్. వీధిలో నలుగురికి ఒకే టవర్ నంబరు మీద ఇబ్బంది ఉందని చూపిస్తే, అది ఒకరి ఫోన్ జబ్బు కాదని తేలిపోతుంది. నలుగురూ విడివిడిగా ఫిర్యాదు పెట్టండి.

ముందు 198 కి చేసి డాకెట్ నంబరు (మీ ఫిర్యాదుకు ఇచ్చే సంఖ్య) తీసుకోండి. అది లేకుండా ఫోన్ పెట్టేయకండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయొచ్చు. అప్పీలుకు రుసుము ఏమీ లేదు, డాకెట్ నంబరు, మీరు రాసుకున్న అంకెలు జత చేస్తే చాలు.